జీపు కింద అత్తమ్మ

మా జీపుకు రెండు గేర్ రాడ్లు. పెద్దది అన్ని బండ్లకు ఉండేదే. దాని పక్కన పొట్టిది ఇంకోటి ఉంటది. దాన్ని గుంజితే ఎనుక చక్రాలతోపాటు ముందు చక్రాలు గూడ బలం అందుకుంటయి, బండి బురదల దిగబడకుంట బయటపడ్తది. రావిర్యాల అవతల మాకు కొంచెం చెలక ఉన్నది. అక్కడికి పోయే తొవ్వల ఆఖరి కిలోమీటరు ఎండకాలం రాళ్లు, వానకాలం బురద. ఆ కిలోమీటరు కోసమే నేను ఈ పాత జీపు కొన్న. బడిల పిల్లలకు లెక్కలు చెప్పే టీచరమ్మకు జీపెందుకని మా స్టాఫ్‌రూంల చానా రోజులు నవ్వుకున్నరు.

ఇంట్ల మేం ముగ్గురం. నేను, మా ఆయన, మా అత్తమ్మ. మా ఆయన ఎయిర్‌పోర్టుల సామాను దించే కాడ సూపర్‌వైజరు. ఒక వారం పగలు డ్యూటీ, ఒక వారం రాత్రి డ్యూటీ. మా మామ నేను కోడలిగ రాకముందే పోయిండు. అత్తమ్మతోని నాకు పద్నాలుగేండ్ల కాపురం. మా ఇద్దరికి ఎన్నడు గొడవలు లేకుండె. నిజం చెప్పాలంటే ముచ్చట్లు గూడ అంతంతే. పొద్దుగాల టీ ఆమెది, కూర నాది. ఆదివారం చర్చికి కలిసి పోతం, కలిసి వస్తం. "ఉప్పు సరిపోయిందా?" "సరిపోయింది." గంతే. ఆమె మంచి మనిషి, నేను గూడ చెడ్డదాన్ని కాదు, అది చాలనుకున్న.

పోయిన వానకాలం చివర్ల జీపు చిన్న రాడ్డు బిగుసుకపోయింది. రెండు చేతులతోని గుంజితే గాని పడేది కాదు. పడ్డంక గూడ కిందికెళ్లి సన్నగ ఏడ్చినట్టు సప్పుడు. పహాడీ షరీఫ్ రోడ్డు మీద నాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నడు. ఆయన బండి ఎక్కి ఒక చుట్టు తిప్పి చూసిండు.

"గేర్‌బాక్స్ ఎనుక ఇంకో డబ్బ ఉంటది మేడం. ట్రాన్స్‌ఫర్ కేస్ అంటరు. ముందు చక్రాలకు, ఎనుక చక్రాలకు బలం పంచేది అదే. దాన్ల ఆయిల్ మార్చి ఎన్నేండ్లయిందో ఏమో. ముందుగాల అది మార్చాలె," అన్నడు.

"ఇయ్యాల చేస్తవా అన్నా?"

"జర జాగ చూడు. బండ్లు రోడ్డు మీదికి వచ్చినయి. సోమవారం పట్టుకరా."

సోమవారం దాక ఆగితే కాదు. ఆదివారం మా చర్చిల కోతల పండుగ. ప్రతి ఇంటోళ్లు వాళ్ల పంటల కొంత తెచ్చి దేవుని ముందు పెడ్తరు. ఆ ఏడు మా చెలకల గుమ్మడికాయలు ఇరగకాసినయి. ఒక్కొక్కటి ఎత్తుకునే బిడ్డంత. వాటిని శనివారమే తేవాలె. అంతకుముందే నాలుగు రోజులు వాన కొట్టింది, ఆ తొవ్వల ఆటో పోదు, ట్రాలీ రాదు.

బండితోని వచ్చిన చిన్న పుస్తకం తీసి చదివిన. బొమ్మ గీసి ఉన్నది. డబ్బకు రెండు బోల్టులు. కింది బోల్టు ఇప్పితే పాత ఆయిల్ కారుతది. పక్కకు, జర పైకి ఉన్న బోల్టు ఇప్పి, ఆ రంధ్రంల నుంచి కొత్త ఆయిల్ పొయ్యాలె. రంధ్రం అంచు దాక వచ్చి బయటికి కారుడు మొదలైతే నిండినట్టు. పదో తరగతి లెక్క కన్నా అల్క అనిపించింది. శుక్రవారం బడి అయినంక స్పేర్‌పార్టుల దుకాణంకు పోయి పుస్తకంల రాసిన ఆయిలే తెచ్చిన. దుకాణపాయన బోల్టుల కింద ఏసే రాగి వాషర్లు రెండు కాగితంల చుట్టి ఇచ్చి, "పాతయి మల్ల ఎయ్యకు అక్కా, కారుతది," అన్నడు.

శనివారం పొద్దుగాల మా ఆయన రాత్రి డ్యూటీ చేసి వచ్చి పండుకున్నడు. నేను పుస్తకంల చెప్పినట్టు బండిని ఒక చుట్టు తిప్పుకొచ్చిన, ఆయిల్ వేడైతే పల్చగై తొందరగ దిగుతదని. ఇంటి ముందట సమంగ ఉన్న జాగల ఆపి, హ్యాండ్‌బ్రేక్ గుంజి, చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టిన. జీపు ఎత్తు గనుక జాకీ అక్కరలే. గోనెసంచి పరిచి, పాత చుడీదార్ తోని, చేతిల పానా పట్టుకోని కిందికి దూరిన. అత్తమ్మ గడప కాడ కూసోని గోకరకాయ తుంచుతున్నది.

కింది బోల్టుకు పానా తగిలించి గుంజబోతున్న. అప్పుడు గడప కాడికెళ్లి మాట వినబడ్డది.

"పైది ఇప్పినవా?"

"ఏంది అత్తమ్మా?"

"నూనె పోసే బోల్టు. అది ఊడుతదో లేదో ముందుగాల చూసుకో. అది ఊడకపాయె, నువ్వు కిందిది ఇప్పి నూనె అంత కార్చేస్తివి. అప్పుడు ఎట్ల పోస్తవ్? బండి ఉత్త కడుపుతోని ఈడ్నే కూసుంటది."

నేను పానా కింద పెట్టిన. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. పుస్తకంల ఆ మాట లేదు. నాకు తట్టలే. అత్తమ్మకు ఎట్ల తెలుసు అని అడిగే లోపల మా ఇంటి మీదికెళ్లి ఒక విమానం దిగుకుంట పోయింది. అది పోయేదాక మా దగ్గర ఎవ్వరు మాట్లాడరు. మాట మధ్యల ఆగి, సప్పుడు తగ్గినంక అందుకునుడు మాకు అలవాటు. విమానం పోయినంక అడిగిన. ఆమె "మొదలు చూడు" అన్నది గని సంగతి చెప్పలే.

పై బోల్టు చూసిన. రాలే. పానా మీద కాలు పెట్టి నూకిన. రాలే. పానా జారి నా వేళ్లు డబ్బకు కొట్టుకున్నయి. ఎదురింటి పెద్దాయన పేపరు చేతిల పట్టుకోని గేటు కాడికి వచ్చిండు. ఆయనది కోస్తా, రిటైరైనంక ఇక్కడ ఇల్లు కట్టుకున్నడు.

"అమ్మా, మెకానిక్‌ని పిలిపిస్తే సరిపోతుంది కదా. ఆడవాళ్లు, మీకెందుకండీ ఈ శ్రమ," అన్నడు పాపం మర్యాదగనే.

అత్తమ్మ గోకరకాయ పళ్లెం పక్కకు పెట్టింది. చీర కొంగు నడుముకు బిగించి చెక్కింది. లోపలికి పోయి సుత్తె, డాబా మీద పడి ఉన్న ఇనుప పైపు ముక్క, ఒక చిన్న గిన్నెల డీజిల్ పట్టుకొచ్చింది. డీజిల్ ఎక్కడిది అని నేను అడిగే లోపలనే నా పక్కన గోనెసంచి మీద ఎల్లకిల పండుకున్నది. అరవై దాటిన మనిషి, జీపు ఎక్కాలంటే మోకాళ్లు నొస్తయనేది, కిందికి మాత్రం చేపలెక్క దూరింది.

గుడ్డ డీజిల్‌ల తడిపి బోల్టు చుట్టు పెట్టింది. "జరసేపు నాననీ," అన్నది. కొంతసేపు ఇద్దరం జీపు పొట్ట చూసుకుంట పండుకున్నం. అంత దగ్గరగ మేం ఎన్నడు పండుకోలే. ఆమె దగ్గర కొబ్బరినూనె వాసన, గోకరకాయ వాసన. ఆ తర్వాత సుత్తె నా చేతికి ఇచ్చింది.

"బోల్టు తల మీద కొట్టు. గట్టిగ గుద్దకు. తలుపు కొట్టినట్టు తట్టు, సుట్టాలింటి తలుపు."

తట్టిన. చుట్టూ తిప్పి తట్టిన. అప్పుడు ఆమె పానా కొసకు ఇనుప పైపు తొడిగింది. పానా మూరెడు పొడుగైంది. "ఇగ ఇద్దరం పట్టుకుందాం. ఒక్కసారి గుంజకు. నేను ఊ అంటే మెల్లగ ఒత్తు పెంచు." ఆమె ఊ అన్నది. ఒత్తినం. ఏం కాలే. ఇంకోసారి ఊ అన్నది. ఇంకా ఒత్తినం. కిర్రుమని ఒక సప్పుడొచ్చి పైపు నా చేతిల దిగింది. బోల్టే ఇరిగిందేమో అని నా పాణం పోయింది. కాదు, కదిలింది. అత్తమ్మ నా దిక్కు తిరిగి నవ్వింది. నాకు ఎందుకో నవ్వు ఆగలే. జీపు కింద ఇద్దరం కడుపుపట్టుకోని నవ్వినం. పెద్దాయన వంగి చూసి, "అంతా క్షేమమేనా అండీ?" అన్నడు.

ఇగ కింది బోల్టు అల్కగనే వచ్చింది. ప్లాస్టిక్ టబ్బు కింద పెట్టిన. నల్లటి ఆయిల్ మొదట దూరంగ చిమ్మి నా చెయ్యి తడిపింది, తర్వాత సన్నగై టబ్బుల పడ్డది. కాలిపోయిన బెల్లంపాకం లెక్క ఉండె. బోల్టు కొసకు అయస్కాంతం ఉంటది. దానికి బూడిదరంగు ముద్ద పట్టి ఉన్నది. నేను భయపడ్డ. అత్తమ్మ ఆ ముద్ద తీసి రెండు వేళ్ల మధ్య రాసి చూసింది.

"మెత్తగున్నది. పిండి లెక్క. ఇట్లుంటే భయం లేదు. ఇనుప ముక్కలొస్తే లోపల గేర్ చక్రాల పండ్లు ఇరిగినట్టు. నీ బండి పండ్లు బాగనే ఉన్నయి బిడ్డా."

పాత ఆయిల్ అంత కారి, కింది బోల్టుకు కొత్త వాషరు ఏసి బిగించినంక అసలు పరేషాన్ మొదలైంది. కొత్త ఆయిల్ డబ్బ పట్టుకోని నేను కిందికి దూరిన. పోసే రంధ్రం పక్కకు ఉన్నది, డబ్బ వంచే జాగ లేదు. మెకానిక్‌ల కాడ పంపు ఉంటది. నా కాడ లేదు. పుస్తకం ఆ సంగతి గూడ చెప్పలే.

అత్తమ్మ ఆలోచించి, సామాన్ల అర్రలకు పోయి మామ లెవెల్ పైపు తెచ్చింది. మామ మేస్త్రి. గోడలు సమంగ ఉన్నయా లేవా అని నీళ్లు నింపి చూసే సన్న పైపు, అవతలికి కనబడేటిది. చుట్టలు చుట్టి, తాడు కట్టి, అంత ఏండ్ల నుంచి భద్రంగ ఉన్నది. "కడిగి ఆరబెట్టిందే," అన్నది. నేను కొంచెం జంకిన. "దీన్ని పాడు చేసుడెందుకు అత్తమ్మా?" అంటే, "పైపు ఉన్నది పోసేందుకు. నువ్వు తలుపు తీసి పైకెల్లి గరాటు పట్టుకో, నేను కింద పట్టుకుంట," అన్నది.

ఆయిల్ చిక్కగ ఉన్నది, సన్న పైపుల దిగదని డబ్బను వేడినీళ్ల బకెట్‌ల కొంచెంసేపు ఉంచినం. తర్వాత నేను జీపు తలుపు కాడ నిలబడి గరాటుల పోసుడు మొదలుపెట్టిన. పైపుల బంగారు రంగు నూనె మెల్లగ, చీమ నడిచినట్టు దిగుతున్నది. దిగాలంటే ఇంకా చానాసేపు పడ్తది. నేను పైనుంచి అడిగిన.

"ఇవన్ని ఎట్ల తెలుసు అత్తమ్మా?"

కిందినుంచే చెప్పింది. నాకు ఆమె కాళ్లు, వెండి మెట్టెలు తప్ప ఏం కనబడుత లేవు. మొకం కనబడకపోతేనే మనిషి అంత మాట్లాడుతదేమో.

"మన బాయి కాడ ఆయిల్ ఇంజన్ ఉండె. మీ మామ పట్నంల పనికి పోయేటోడు, పదిహేను దినాలకోసారి వచ్చేటోడు. ఇంజన్ మా బావ నడిపేటోడు. ఒక ఏడు ఆయనకు కామెర్లయి దవాఖానల పడ్డడు. నారుమడి ఎండుతున్నది. మా అత్త బాయి గడ్డ మీద కూసోని ఒకటే ఏడుపు. ఆమె ఏడుపు చూడలేక పోయి హ్యాండిల్ పట్టుకున్న."

"అప్పటికి వచ్చా నడపనీకి?"

"రోజు చూసేదాన్ని గద. ఒక్కటి తెల్వకుండె. హ్యాండిల్ పట్టేటప్పుడు బొటనేలు చుట్టు తిప్పి పట్టొద్దు. నాలుగేళ్లతోపాటు ఒక్క దిక్కే ఉంచాలె. ఇంజన్ ఎనుకకు తన్నింది, ఏలు ఇరిగింది."

ఆమె ఎడమచేతి బొటనేలు వంకరగ ఉంటది. పద్నాలుగేండ్ల నుంచి చూస్తున్న. పుట్టుకతోనే అట్లున్నదనుకున్న.

"మరి ఏం చేసినవ్?"

"ఇంకో చేత్తోని తిప్పిన. నీళ్లు వచ్చినయి. నీళ్లు మడిల పారినంక గాని నాకు నొప్పి తెల్వలే."

అట్ల ఆరేండ్లు నడిపిందట. ఆయిల్ మార్చుడు, ఫిల్టర్ కడుగుడు, బిగుసుకపోయిన బోల్టులు ఊడదీసుడు, అన్నీ ఆమెనే. మొదలు ప్రార్థన చేసి తిప్పేదట. షురువు కాకపోతే తిట్టి తిప్పేదట. "తిట్టిననాడే జల్ది షురువయ్యేది," అన్నది. కరెంటు మోటరు వచ్చిననాడు ఊరంత సంబురపడ్డదట. "నేను పడలే. బటన్ ఒత్తితే నడిచేదానికి నేనెందుకు?"

"మాకు ఎన్నడు చెప్పకపోతివి."

"ఏమని చెప్పాలె? నిన్ను చూడొచ్చిననాడు మీ అమ్మతోని కూసోని, నేను ఇంజన్ నడుపుదునమ్మా అని చెప్పాల్నా?"

నేను నవ్వుకుంట పోస్తున్న. గరాటుల ఆయిల్ తగ్గితే మల్ల నింపుతున్న. అదే టైంల ఇంకో విమానం వచ్చింది, ఈసారి పెద్దది. ఆ సప్పుడుల ఎదురింటి పెద్దాయన పేపరు ఊపుతున్నడు. నమస్తే చెప్తున్నడేమో అనుకోని నేను గూడ ఒక చెయ్యి ఎత్తి ఊపిన. ఆయన ఇంకా గట్టిగ ఊపిండు. నేను గూడ ఊపిన. విమానం పోయినంక కిందినుంచి అత్తమ్మ మాట వినబడ్డది. ఏం తొందర లేకుంట అంటున్నది.

"చాలు అని మూడుసార్లు అన్న బిడ్డా. ఇగ నా చెవుల గూడ నిండింది."

గరాటు పారేసి వంగి చూసిన. నెత్తి మీద, చెంప మీద, మెడ మీద కొత్త ఆయిల్. ఒక వేలు రంధ్రంల పెట్టి మూసి, ఇంకో చేత్తోని పై బోల్టు ఎదుక్కుంటున్నది. నేను దూరి బోల్టు అందించిన. ఇద్దరం కలిసి బిగించినం. బయటికొచ్చినంక ఆమెను చూసి పెద్దాయన గూడ నవ్వాపుకోలేకపోయిండు. "నేను ఆపమనే చెప్తున్నానమ్మా," అన్నడు నాతోని. ఆ సప్పుడుకు మా ఆయన లేచి కండ్లు నలుచుకుంట వచ్చిండు. అమ్మను, నన్ను, టబ్బును మార్చి మార్చి చూసిండు.

"అమ్మ ఇంజన్ నడిపేదంట, నీకు తెలుసా?" అని అడిగిన.

"తెల్వకపోవుడేంది? చిన్నప్పుడు ఆ సప్పుడుకే నిద్రపోయేటోణ్ణి," అన్నడు. ఏదో పాలు ఎంత పోస్తరని అడిగితే చెప్పినట్టు మామూలుగ చెప్పి, మల్ల పండుకోనీకి పోయిండు.

శీకాయ పెట్టి రెండుసార్లు అత్తమ్మ నెత్తి రుద్దిన. వాసన పోలే. పాత ఆయిల్ క్యాన్‌ల పోసి, సోమవారం మెకానిక్ డ్రమ్ముల ఒంపుదామని పక్కకు పెట్టిన. అన్నం తిని ఇద్దరం చెలకకు బయలుదేరినం. ఎప్పుడు ఎనుక సీట్ల కూసునే అత్తమ్మ ఆనాడు స్టూలు ఏసుకోని ముందుకు ఎక్కింది.

బురద మొదలైన కాడ బండి ఆపిన. "ఏది ఆ చిన్న రాడ్డు?" అన్నది. చూపించిన. "నేను గుంజుత. ఎప్పుడు గుంజాల్నో చెప్పు." క్లచ్ తొక్కి, ఇగ గుంజు అన్న. ఆమె రెండు చేతులతోని బలంగ గుంజబోయింది. అంత బలం అక్కరలేకుండె. రాడ్డు వెన్నల చాకు దిగినట్టు దిగింది. ఆమె ఎనుకకు సీటుల ఒరిగిపోయింది. బండి బురదల మెల్లగ, ఏడుపు సప్పుడు లేకుంట నడుచుకుంట పోయింది. ముందు చక్రాలు బురదను పట్టుకోని గుంజుతుంటే ఆ ఒత్తు నాకు స్టీరింగుల తెలుస్తున్నది. "మంచిగ పోతున్నది," అన్నది అత్తమ్మ. మల్ల కొంచెం దూరం పోయినంక, "చానా మంచిగ పోతున్నది," అన్నది.

గుమ్మడికాయలు ఎనుక నింపినం. వచ్చేటప్పుడు గట్టి రోడ్డు ఎక్కినంక రాడ్డును ఎనుకటి లెక్క పెట్టే పని గూడ ఆమెనే చేసింది. ఆ రోజు నుంచి మా బండిల పెద్ద రాడ్డు నాది, చిన్నది ఆమెది. నేను ఒక్కదాన్నే పోయిననాడు గూడ చిన్న రాడ్డు ముట్టాలంటే ఆమెను అడిగినంత పని అనిపిస్తది.

ఆదివారం చర్చిల గుమ్మడికాయలు అన్నిటికన్నా ముందట పెట్టిన్రు. పాస్టరయ్య ప్రార్థన చేస్తుంటే మా ఎనుక వరుసల అక్క ఒకామె మెల్లగ వంగి, "ఏంది పెద్దమ్మా, గ్యారేజ్ వాసనొస్తున్నది," అన్నది. ప్రార్థన అయినంక అత్తమ్మ ఆడోళ్లందరిని కూసోబెట్టుకోని చెప్పింది. అన్నాల కాడ ఇంకోసారి చెప్పింది. మూడోసారి చెప్పేటప్పటికి ఆ బోల్టు పొద్దుందాక రానట్టు, దాన్ని ఆమె ఒక్కతే ఊడగొట్టినట్టు అయింది. నేను పక్కన కూసోని ఔనన్న. పైపు సంగతి వచ్చిన కాడ మాత్రం నవ్వు ఆపి మామ పేరు చెప్పింది. తర్వాత మల్ల నవ్వుకుంట చెప్పింది.

మధ్యాహ్నం హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తిన్రని తెలిస్తే ముగ్గురం జీపుల పోయినం. మా ఆయనకు ఎనుక సీటే మిగిలింది. అక్కడ జనం జనంగ ఉన్నరు, బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయినయి. దిగి నిలబడితే నీళ్ల తుంపర మొకాల మీద పడ్తున్నది. మా ఆయన మక్క కంకులు కాల్పించుకొచ్చిండు, ఉప్పు కారం నిమ్మకాయ రాసి. అత్తమ్మ జీపు బానెట్‌కు ఆనుకోని తిన్నది. దారి ఇడిసేసరికి రెండు గంటలు పట్టింది. మా ముగ్గురిల ఎవ్వరికి తొందర లేకుండె.